ఫారంలో ఒక గడి: అమెరికాలో జాతి ముద్ర, రాయచూరులో మన పేరు

మూడు తరాలుగా రాయచూరు జిల్లాలో ఉంటున్నా మనల్ని ఇక్కడ 'ఆంధ్రావాళ్ళు' అంటారు. సింధనూరు, మాన్వి వైపు 'క్యాంపువాళ్ళు'. పెళ్ళికి కోస్తాకు వెళితే అక్కడ 'కర్ణాటకవాళ్ళు'. ఒకసారి అంటుకున్న పేరు ఎందుకు వదలదో అమెరికా అనుభవం చూస్తే తెలుస్తుంది.

అమెరికాలో

అక్కడ 1790లో జరిగిన మొదటి జనగణన నుంచీ జాతి లెక్క ఏదో ఒక రూపంలో ఉంది. గడులు మాత్రం మారుతూ వచ్చాయి. 1923లో భగత్ సింగ్ థింద్ కేసులో సుప్రీంకోర్టు భారతీయుడు 'తెల్లవాడు' కాదని, పౌరసత్వానికి అర్హుడు కాదని తీర్పు చెప్పింది. 1930, 1940 జనగణనల్లో సిక్కులనైనా, ముస్లింలనైనా 'హిందూ' అనే జాతి కింద రాశారు. 1970లో భారతీయులను తెల్లవారిలో కలిపారు. 1980లో 'ఏషియన్ ఇండియన్' గడి వచ్చింది. 2000 నుంచి ఒకటికి మించి గడులు గుర్తుపెట్టవచ్చు. మనిషి మారలేదు, గడి మారింది.

మరి గడులే తీసేస్తే పోదా? ఉద్యోగంలో, ఇంటి అద్దెలో, ఓటులో నల్లజాతివారికి అన్యాయం జరుగుతోందో లేదో చూపడానికి లెక్క కావాలి. 1964 పౌరహక్కుల చట్టం, 1965 ఓటుహక్కు చట్టం సరిగా అమలవుతున్నాయా అని చూసేది ఆ లెక్కలతోనే. లెక్క కావాలంటే ముద్ర ఉండాలి. ముద్ర ఉన్నంతకాలం మనిషిని దానితోనే చూసే అలవాటు పోదు. చిక్కంతా ఇక్కడే ఉంది.

మన జిల్లాలో

బానిసత్వం అనుభవించినవారి బాధతో మన కష్టాన్ని పోల్చలేం. కానీ ముద్ర పడే తీరు మనకు కొత్త కాదు. రాయచూరు కోట గోడమీద 1294 నాటి తెలుగు శాసనం ఉంది. 1956 నవంబరు 1 వరకు ఈ జిల్లా హైదరాబాదు రాష్ట్రంలోది. ఆ రోజు గద్వాల, ఆలంపూరు తాలూకాలు ఆంధ్రప్రదేశ్‌కు, మిగతాది మైసూరు రాష్ట్రానికి పోయాయి. ఊరు కదలని తెలుగు కుటుంబాలు కూడా ఆ రోజుతో అల్పసంఖ్యాకులయ్యాయి. తుంగభద్ర ఎడమ కాలువ నీళ్ళు వచ్చాక కోస్తా రైతులు వచ్చి క్యాంపులు కట్టుకున్నారు. ఈ రెండు కథలూ వేరు, అయినా అందరికీ పడ్డ పేరు ఒక్కటే.

కాగితాల్లో ఏముంది?

కల్యాణ కర్ణాటకకు ప్రత్యేక హోదా ఇచ్చిన 371జె అధికరణం (2012లో 98వ సవరణ) చదువులో, ఉద్యోగంలో రిజర్వేషన్‌కు పుట్టుకను, నివాసాన్ని ఆధారం చేసింది, భాషను కాదు. 30వ అధికరణం భాషా అల్పసంఖ్యాకులకు విద్యాసంస్థలు పెట్టుకునే హక్కు ఇచ్చింది. 350ఎ ప్రాథమిక విద్య మాతృభాషలో అందేలా చూడమంటుంది. అల్పసంఖ్యాకులెవరో రాష్ట్రాన్ని బట్టి తేల్చాలని 2002లో టి.ఎం.ఏ. పై కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

కాబట్టి 'తెలుగు' అని రాస్తే స్థానికత పోతుందని భయపడి మాతృభాష గడిలో కన్నడ రాయనక్కర్లేదు. జనగణనలో మాతృభాషతో పాటు తెలిసిన మరో రెండు భాషలు కూడా అడుగుతారు. మాతృభాష తెలుగు, తెలిసిన భాష కన్నడ. రెండూ నిజమే, రెండూ రాయించండి.

ఇంకొక మాట. సింధనూరు తాలూకాలో తూర్పు పాకిస్తాన్ నుంచి వచ్చిన బెంగాలీ శరణార్థుల క్యాంపులూ ఉన్నాయి. అక్కడ పుట్టి పెరిగిన పిల్లలను మన ఇళ్ళలో ఏమని పిలుస్తున్నామో కూడా చూసుకోవాలి. మనకు నొప్పి కలిగించిన పేరు మన నోటినుంచి ఇంకొకరికి అంటకూడదు.