హద్దూ మర్యాదా: సముద్రపొడ్డు గోల్ఫు మైదానం చెప్పే చరిత్ర

కొన్నేళ్ళ కిందట మా తాడేపల్లిగూడెం నుంచి పదో తరగతి పిల్లల్ని విశాఖపట్నం విహారయాత్రకు తీసుకుపోయాం. సముద్రం, సింహాచలం అయ్యాక ముడసర్లోవ వైపు పోతుంటే కంచె అవతల పచ్చటి గోల్ఫు మైదానం కనిపించింది. బస్సు ఆగిన ఐదు నిమిషాల్లో పిల్లలంతా ఆ వైపు కిటికీల దగ్గర చేరారు. ఒకాయన కర్ర పట్టుకొని బంతి ముందు వంగి నిలబడ్డాడు. పక్కన ముగ్గురు ఊపిరి బిగబట్టినట్టు కదలకుండా ఉన్నారు. వాళ్ళకు నాలుగడుగుల వెనక, వయసులో అందరికన్నా పెద్దవాడు, బరువైన సంచీ భుజాన వేసుకొని నిలబడ్డాడు.

"ఆటాడేవాళ్ళు అరవరేంటండీ మాస్టారూ?" అన్నాడొక పిల్లవాడు. అది ఆ ఆట మర్యాద అన్నాను. వెనక సీటులోంచి ఒక అమ్మాయి అడిగింది: "మరి ఆ సంచీ మోసే తాతకి ఆట రాదాండీ?"

మొదటి ప్రశ్నకు జవాబు చెప్పగలిగాను. రెండో ప్రశ్నకు ఆనాడు నా దగ్గర జవాబు లేదు. తరవాత ఆ ఆట చరిత్ర చదివినప్పుడు, రెండు ప్రశ్నలూ ఒకే మాట చుట్టూ తిరుగుతున్నాయని తెలిసింది. ఆ మాట మర్యాద.

మనం మర్యాద అంటే గౌరవం, పద్ధతి అనుకొంటాం. సంస్కృతంలో ఆ మాటకు హద్దు, పొలిమేర, నీటి ఒడ్డు అన్న అర్థాలున్నాయి. సముద్రం దాటిరాని గట్టు మర్యాద. ఊరికీ ఊరికీ మధ్య ఎల్ల మర్యాద. నడవడిక అన్న అర్థం దాని నుంచి పెరిగింది. అంటే ప్రతి మర్యాద వెనకా ఒక గీత ఉంటుంది. ఆ గీత ఎవరు గీశారు, ఎవరిని లోపల ఉంచి ఎవరిని బయట పెట్టారు అని అడగడమే చరిత్ర విద్యార్థి పని. గోల్ఫు అందుకు మంచి ఉదాహరణ. ఎందుకంటే అది పుట్టింది అక్షరాలా ఒడ్డునే.

స్కాట్లండు తూర్పుతీరంలో సముద్రానికీ సాగుభూమికీ మధ్య ఇసుకదిబ్బల నేల ఉంటుంది. దాన్ని లింక్స్ అంటారు. నాగలి పెట్టడానికి పనికిరాదు. గొర్రెలు మేసి మేసి గడ్డి పొట్టిగా ఉంటుంది. గాలికి ఓర్చలేక గొర్రెలు ఒదిగి పడుకొన్న చోట ఏర్పడ్డ ఇసుక గుంతలే ఈనాటి బంకర్లకు మూలమని చెబుతారు. ఎవరి సేద్యానికీ పనికిరాని ఆ నేల అందరిదీ అయింది. జనం ఆటకు ఎంత అలవాటు పడ్డారంటే, విలువిద్య సాధన దెబ్బతింటున్నదని 1457లో స్కాట్లండు పార్లమెంటు గోల్ఫునూ ఫుట్‌బాలునూ నిషేధించింది. దొరలొక్కరే ఆడే ఆటయితే సైన్యం గురించి రాజుకు అంత దిగులు ఎందుకు?

1552లో సెయింట్ ఆండ్రూస్ ఆర్చిబిషప్పు ఇచ్చిన పత్రం ఇంకా స్పష్టంగా ఉంది. ఆ పట్నం లింక్స్‌లో గోల్ఫు, ఫుట్‌బాలు, మరే ఆటలైనా ఆడుకొనే హక్కు ఊరి జనానిదని అది ఒప్పుకొన్నది. ఆ హక్కు మాటమీదే నిలవలేదు. పద్ధెనిమిదో శతాబ్దం చివర దివాలా తీసిన పురపాలక సంఘం ఆ నేలను వ్యాపారులకు వదులుకొంది. వాళ్ళు అక్కడ కుందేళ్ళు పెంచారు. ఆడేవాళ్ళకూ కుందేళ్ళవాళ్ళకూ మధ్య ఏళ్ళ తరబడి కొట్లాటలు, కోర్టు వ్యాజ్యాలు నడిచాయి. 1821లో ఒక భూస్వామి కొనడంతో కుందేళ్ళ పీడ వదిలింది. 1894లో పార్లమెంటు చట్టం ద్వారా పట్నమే ఆ నేలను తిరిగి కొనుక్కొంది. ఇప్పటికీ అక్కడి పాత మైదానంలో ఆదివారాలు మామూలుగా ఆట ఉండదు. ఊరివాళ్ళు పిల్లలతో, కుక్కలతో షికారు చేస్తారు. ప్రపంచంలోకెల్లా పేరున్న గోల్ఫు నేల వారానికి ఒకరోజు ఊరి తోట.

ఇక మర్యాద విషయం. మనకు దొరికే తొలి రాతపూర్వకమైన గోల్ఫు నియమాలు 1744లో ఎడింబరో దగ్గరి లీత్‌లో రాసుకొన్నవి. మొత్తం పదమూడు. అందులో పదో నియమం నన్ను బాగా ఆకట్టుకొంది. బంతిని దారిన పోయే మనిషి గాని, గుర్రం గాని, కుక్క గాని ఆపేస్తే, అది ఆగిన చోటు నుంచే ఆడాలి అని దాని సారాంశం. పదమూడో నియమంలో బడిపిల్లల గుంతల ప్రసక్తీ, సిపాయిల కందకాల ప్రసక్తీ వస్తాయి. నియమాలు రాసుకొన్నవాళ్ళు పెద్దమనుషులే. కాని వాళ్ళు ఆడిన నేలమీద బడిపిల్లలున్నారు, సిపాయిలున్నారు, దారిన పోయేవాళ్ళున్నారు, వాళ్ళ కుక్కలున్నాయి. నీ బంతి వాడి కాలికి తగిలితే తప్పు వాడిది కాదు, నువ్వే సర్దుకోవాలి. ఉమ్మడి నేల నేర్పిన సంస్కారం అది.

ఈనాటికీ గోల్ఫు మర్యాదల్లో ఎక్కువ భాగం ఆ సంస్కారానికి కొనసాగింపే. నీ కర్ర దెబ్బకు లేచిన గడ్డిపెళ్ళను నువ్వే తెచ్చి అక్కడ పెట్టి తొక్కాలి. ఇసుక గుంతలో దిగితే నీ అడుగుల జాడలు నువ్వే చదును చేసి రావాలి. బంతి ఎవరి మీదికైనా పోతుంటే "ఫోర్" అని గట్టిగా కేకవేయాలి. వెనకవాళ్ళు వేగంగా ఆడుతుంటే పక్కకు తప్పుకొని దారి ఇవ్వాలి. ఇంకొకడు కొట్టేటప్పుడు కదలకూడదు, మాట్లాడకూడదు. చాలా ఆటల్లో ఉన్నట్టు వెంట నడిచే తీర్పరి ఇందులో ఉండడు. ఎవరి తప్పు వాళ్ళే ఒప్పుకోవాలి. చాలాకాలం నియమాల పుస్తకం ముందు విడిగా ఉన్న ఈ మర్యాదల్ని 2019లో నియమాల్లోనే, ఆటగాడి నడవడిక కింద చేర్చారు. వీటిని నేను ఎగతాళి చెయ్యను. చెడగొట్టినదాన్ని చెడగొట్టినవాడే బాగుచెయ్యాలన్న సూత్రం లోకానికంతా పనికొచ్చేదే.

అయితే ఈ ఆట ఓడలెక్కి మన దేశం వచ్చేసరికి ఉమ్మడి నేల వెనక ఉండిపోయింది. కంచె ముందు వచ్చింది. బ్రిటిషు దీవుల వెలుపల అన్నిటికన్నా పాతది అనిపించుకొన్న గోల్ఫు క్లబ్బు 1829లో కలకత్తాలో పెట్టారు. మన తీరంలో విశాఖపట్నం తెల్ల ఉద్యోగులు రేవు పక్క ఇరుకు వీధులు వదిలి, ఉత్తరాన సముద్రపు గాలి తగిలే మెట్టమీద వాల్తేరులో బంగళాలు కట్టుకొన్నారు. 1883లో అక్కడ వాల్తేరు క్లబ్బు వెలసింది. ఆ కాలపు క్లబ్బుల తొలి మర్యాద గేటు దగ్గరే ఉండేది. లోపలికి సభ్యుడుగా పోయేదెవరు, సేవకుడుగా పోయేదెవరు అన్నదే ఆ మర్యాద. దీనికీ గడ్డిపెళ్ళ తిరిగి పెట్టడానికీ ఏ సంబంధమూ లేదు. కాని రెండింటికీ ఒకే పేరు. ఆ ఒకే పేరు వల్లనే రెండోది మొదటిదాని గౌరవాన్ని అరువు తెచ్చుకొని బతికింది.

సంచీ మోసేవాణ్ణి క్యాడీ అంటారు. ఫ్రెంచిలో ఇంటి చిన్నకొడుకు అనే అర్థమున్న మాట నుంచి వచ్చింది. ఎన్నేళ్ళొచ్చినా మోసేవాడు పేరుకు చిన్నవాడే. మన కృష్ణా గోదావరి పల్లెల్లో నెరిసిన తలతో ఉన్న పాలేరును కామందుగారి పదేళ్ళ అబ్బాయి "ఒరేయ్" అని పిలవడం చూసినవాళ్ళకు ఇది విడమరిచి చెప్పనక్కరలేదు. మైదానం వాలు, గాలి తీరు, ఏ కర్ర ఎక్కడ వాడాలో మోసేవాడికే ఎక్కువ తెలుసు. ఆ తెలివి ఆటగాడి ఖాతాలో పడుతుంది.

మోసేవాడే ఆడితే ఏమవుతుందో తెలుసుకోవడానికి మనం మరో సముద్రపొడ్డుకు పోవాలి. దక్షిణాఫ్రికాలోని డర్బన్‌కు 1860 నవంబరు 16న మద్రాసు నుంచి ట్రూరో అనే ఓడలో తొలి ఒప్పందపు కూలీలు చేరారు. ఆ తరవాతి దశాబ్దాల్లో మన కోస్తా జిల్లాల నుంచి ఎందరో తెలుగువాళ్ళు అక్కడి చెరకుతోటలకు పోయారు. 1931లో ఆంధ్ర మహాసభ పెట్టుకొనేంతగా వాళ్ళు అక్కడ వేళ్ళూనుకొన్నారు. వాళ్ళ చెమటతో ఎదిగిన ఆ పట్నం సెలవులు గడిపే తెల్లవాళ్ళకు స్వర్గం. 1953 నాటి ప్రత్యేక సౌకర్యాల చట్టం సముద్రస్నానానికి కూడా రంగును బట్టి వేరు వేరు ఒడ్డులు నిర్ణయించింది. 1990లో గాని ఆ చట్టం రద్దు కాలేదు.

ఆ పట్నంలోనే పాప్వా సెగోలం పుట్టాడు. భారతీయ సంతతివాడు. బడి చదువు లేదు. సంచీలు మోస్తూ ఆట నేర్చుకొన్నాడు. అందరూ కర్ర పట్టుకొనే తీరుకు ఆయన చేతులు తలకిందులుగా ఉండేవి. 1959లో, 1960లో డచ్ ఓపెన్ గెలిచాడు. 1963లో సముద్రపు ఇసుకదిబ్బల మీద ఉన్న డర్బన్ కంట్రీ క్లబ్బులో నేటాల్ ఓపెన్ గెలిచాడు. బయట వాన. బహుమతి ప్రదానానికి తెల్ల ఆటగాళ్ళంతా క్లబ్బు భవనంలో ఉన్నారు. తెల్లవాడు కానివాడు ఆ గడప దాటకూడదు గనక విజేత బయట వానలో నిలబడి తన కప్పు అందుకొన్నాడు. ఆ ఫొటో లోకమంతా తిరిగింది. 1965లో గారీ ప్లేయర్ వంటి మేటిని ఓడించి ఆయన మళ్ళీ నేటాల్ ఓపెన్ గెలిచాడు. ఆ తరవాత ప్రభుత్వం పోటీలకు అనుమతులే ఆపేసింది. 1978లో పేదరికంలో పోయాడు.

ఆ రోజు ఆ మైదానంలో గోల్ఫు మర్యాదలన్నీ పాటించే ఉంటారు. ఆయన కొడుతున్నప్పుడు పక్కవాడు కదలకుండా నిలబడే ఉంటాడు. గడ్డిపెళ్ళలు తిరిగి పెట్టే ఉంటారు. పద్ధెనిమిదో గుంత దాటగానే ఆ మర్యాద అయిపోయి, గేటు మర్యాద మొదలైంది.

అది దక్షిణాఫ్రికా సంగతి అని సరిపెట్టుకోవడానికి లేదు. అమెరికాలో వృత్తి ఆటగాళ్ళ సంఘం తెల్లవాళ్ళకే సభ్యత్వం అన్న నిబంధనను 1961 దాకా వదల్లేదు. నియమాలకు పుట్టిల్లయిన సెయింట్ ఆండ్రూస్‌లోని రాయల్ అండ్ ఏన్షెంట్ క్లబ్బు స్త్రీలకు సభ్యత్వం ఒప్పుకొన్నది 2014లో. 2017లో ఢిల్లీ గోల్ఫు క్లబ్బు భోజనశాలలో, అతిథిగా వచ్చిన ఒక మేఘాలయ మహిళను, ఆమె కట్టుకొన్న ఖాసీ దుస్తులు పనిమనిషి బట్టల్లా ఉన్నాయని లేవమన్నారన్న వార్త మనం పత్రికల్లో చదివాం. మరోవైపు, రాయల్ కలకత్తా క్లబ్బులో గడ్డి సంరక్షించే పనివాడి కొడుకు చౌరాసియా 2008లో ఇండియన్ మాస్టర్స్ గెలిచాడు. గీతలు చెరుగుతాయి. వాటంతట అవి చెరగవు.

మా ఊళ్ళో రెండో ప్రపంచయుద్ధ కాలంలో వేసిన విమానాల రన్‌వే ఉంది. యుద్ధం అయ్యాక అది జనానిదైపోయింది. పొద్దున్నే నేనూ అక్కడ నడుస్తుంటాను. పిల్లలు క్రికెట్ ఆడుతుంటారు. బంతి మన కాళ్ళ దగ్గరికొస్తే "బాల్ అండీ!" అని కేకవేసి ఆగుతారు. మనం తన్నితే ఆట సాగుతుంది. ఎవరూ రాయకపోయినా 1744 నాటి పదో నియమం అక్కడ అమలులోనే ఉంది.

సాహిత్య విద్యార్థులకు ఒక మాట. మన కథల్లో, నవలల్లో మర్యాదస్థులు కొల్లలు. వాళ్ళ మాట తీరు, నడక తీరు ఎంతో ముచ్చటగా వర్ణించాం. ఈసారి అలాంటి పాత్ర ఎదురైతే, ఆయన మర్యాద తాను తవ్విన గుంతను తాను పూడ్చుకొనే రకమా, గేటు దగ్గర నిలబడే రకమా అని చూడండి. ఆయనకు నాలుగడుగుల వెనక సంచీతో ఎవరైనా నిలబడి ఉన్నారేమో కూడా చూడండి. నేను ఆ రోజు బస్సులోంచి ఆటగాణ్ణే చూశాను. తాతను చూసింది మా పదో తరగతి పిల్ల.