దివాన్ దేవిడీ నుంచి బడిపిల్లల చెంతకు: సాలార్‌జంగ్ మ్యూజియం విద్యాకృషిపై మేడ్చల్ వైపు నుంచి ఒక పరిశీలన

హైదరాబాదులోని సాలార్‌జంగ్ మ్యూజియం 1951 డిసెంబర్ 16న దివాన్ దేవిడీ భవనంలో జవహర్‌లాల్ నెహ్రూ చేతుల మీదుగా ప్రారంభమైంది గనుక, 2026 చివరికి దానికి 75 ఏళ్లు నిండుతాయి. ఇటువంటి సందర్భాల్లో వెలువడే సంచికల్లో సేకరణకర్త అభిరుచికీ, వస్తువుల విలువకూ, ప్రముఖుల సందర్శనలకూ దక్కినంత చోటు, బస్సుల్లో వచ్చి వరుస కట్టి గ్యాలరీలు చూసి వెళ్లే బడిపిల్లలకు దక్కదు. ఈ సంస్థ విద్యాకృషిని అంచనా వేయాలంటే నగరం నడిబొడ్డు నుంచి కాక, పిల్లలు ప్రయాసపడి వచ్చే మేడ్చల్, శామీర్‌పేట వంటి శివార్ల నుంచి చూడటం మేలు.

1912 నుంచి 1914 వరకు నిజాం సంస్థానానికి ప్రధానమంత్రిగా పనిచేసిన మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీ ఖాన్ 1949 మార్చి 2న అవివాహితుడిగానే కన్నుమూశారు. తాత, తండ్రి, తాను మూడు తరాలుగా కూడబెట్టిన వస్తుసంపద అప్పటికి దేవిడీ గదులనిండా పరచుకొని ఉంది. దానిని తరగతులుగా విడదీసి ప్రదర్శనకు అమర్చే బాధ్యతను జేమ్స్ కజిన్స్‌కు అప్పగించారు. ఐర్లండు కవిగా, కళావిమర్శకుడిగా పేరున్న ఈయన మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాలకు ప్రిన్సిపాల్‌గా పనిచేసిన అధ్యాపకుడు కూడా. అంటే ఈ మ్యూజియానికి తొలి రూపం ఇచ్చింది తరగతి గది తెలిసిన మనిషే. వారసులకూ ప్రభుత్వానికీ 1958లో రాజీ ఒప్పందం కుదిరింది. 1961లో పార్లమెంటు చట్టం దీనిని జాతీయ ప్రాముఖ్యం గల సంస్థగా ప్రకటించింది. 1968లో మూసీ దక్షిణపు ఒడ్డున, దారుల్‌షిఫాలో కట్టిన కొత్త భవనానికి సేకరణ తరలివచ్చింది.

మ్యూజియాన్ని బడికి అనుబంధంగా భావించే ఆలోచన అప్పటికే పాతది. పిల్లల కోసమే ఏర్పడిన తొలి మ్యూజియంగా పేరొందిన బ్రూక్లిన్ సంస్థ 1899లోనే మొదలైంది; మన దేశపు మ్యూజియాల స్థితిగతులను విమర్శిస్తూ మార్కమ్, హార్‌గ్రీవ్స్‌లు 1936లో నివేదిక వెలువరించారు. స్వాతంత్ర్యానంతరం పెద్ద మ్యూజియాల్లో విద్యావిభాగాలు ఏర్పడ్డాయి. ప్రదర్శనలోని వస్తువుకూ చూడవచ్చినవారికీ మధ్య వివరణ, కృత్యం, ప్రశ్న ద్వారా సంబంధం కల్పించే శాఖను విద్యావిభాగం అంటారు. సాలార్‌జంగ్ మ్యూజియంలో ఈ కృషి మార్గదర్శకులతో గ్యాలరీ సందర్శనలు, నవంబర్ 14 పరిసరాల్లో బాలల వారోత్సవాలు, చిత్రలేఖన, వ్యాసరచన పోటీలు, వేసవి కళా శిబిరాలు, మే 18న అంతర్జాతీయ మ్యూజియం దినోత్సవ కార్యక్రమాలు అనే రూపాల్లో సాగుతోంది. పోటీలు ఉత్సాహాన్నిస్తాయి, పత్రికల్లో ఫొటోలు వస్తాయి. అయితే మ్యూజియం బోధనకు అసలు పరీక్ష గ్యాలరీలో పిల్లవాడు ఒక వస్తువు ముందు ఎంతసేపు నిలబడ్డాడన్న దాంట్లోనే ఉంటుంది.

నిలబెట్టే శక్తి గడియారానికి ఉందనడంలో సందేహం లేదు. గంట గంటకూ గడ్డపు బొమ్మ బయటికి వచ్చి గంట కొట్టే సంగీత గడియారం ముందు చోటు కోసం పిల్లలు తోసుకుంటారు. 1876లో మొదటి సాలార్‌జంగ్ రోములో కొన్న, బెంజోనీ చెక్కిన మేలిముసుగు రెబెక్కా ముందు పాలరాతిలో పలుచని వస్త్రాన్ని ఎలా తెచ్చారని ఆశ్చర్యపోతారు. ఆశ్చర్యం ఆరంభానికి సరిపోతుంది. ప్రకృతికీ సంస్కృతికీ ఉన్న ముడిని విప్పి చూపగల వస్తువులు మాత్రం ఇంతగా జనం మూగని గదుల్లో ఉన్నాయి.

బిద్రీ పనితనం అందుకు మంచి ఉదాహరణ. జస్తాన్ని కొద్దిపాటి రాగితో కలిపి పోతపోసి, పైన గీతలు చెక్కి, ఆ గీతల్లో వెండి తీగను గాని రేకును గాని పొదిగి, చివరికి బీదర్ కోట పాత భాగాల్లోని మట్టిని నవాసాగరంతో కలిపిన ద్రావణంతో రుద్దితే లోహపు భాగం నల్లబడుతుంది, వెండి మాత్రం తెల్లగానే మెరుస్తుంది. ఎనిమిదో తరగతి రసాయనశాస్త్రంలో లోహాల చర్యాశీలత చదివే విద్యార్థికి, 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలో భాగమైన బీదర్ చరిత్ర చదివే విద్యార్థికి ఒకే హుక్కా కుండ రెండు పాఠాలు చెబుతుంది. దంతపు గ్యాలరీలోని పాఠం ఇంకా క్లిష్టమైనది. టిప్పు సుల్తాన్‌కు ఫ్రాన్సు నుంచి కానుకగా వచ్చాయని చెప్పే దంతపు కుర్చీల పనితనాన్ని మెచ్చుకుంటూనే, ఆ దంతం ఎన్ని ఏనుగుల ప్రాణాలతో వచ్చిందో, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 1986లో చేసిన సవరణతో భారతీయ దంతపు వ్యాపారం ఎందుకు నిషిద్ధమైందో అక్కడే చర్చించవచ్చు. ఈ ఇబ్బందికరమైన ప్రశ్నను దాటవేసి నగిషీ అందాన్ని మాత్రమే వర్ణించే మార్గదర్శకుడు పిల్లలను తక్కువ అంచనా వేసినట్టే.

మేడ్చల్ నుంచి 44వ నంబరు జాతీయ రహదారి మీద కొంపల్లి, బోయిన్‌పల్లి దాటి గాని, శామీర్‌పేట నుంచి రాజీవ్ రహదారి మీద అల్వాల్ మీదుగా గాని వచ్చే బస్సు, సికింద్రాబాద్, అఫ్జల్‌గంజ్‌ల రద్దీని దాటి మూసీ అవతలికి చేరేసరికి ఉదయం చాలావరకు కరిగిపోతుంది. మిగిలిన రెండు మూడు గంటల్లో అన్ని గదులూ చూపించాలన్న ఆరాటంతో ఉపాధ్యాయులు పిల్లలను నడిపిస్తారు. చిన్న జిల్లా పరిషత్ పాఠశాలకు బస్సు కిరాయి మాటకొస్తే అది వేరే కథ. నాలుగైదు వస్తువులే ఎంచుకొని వాటి ముందు కూర్చోబెట్టడం మేలని విద్యావిభాగాలకు తెలియనిది కాదు. ఆచరణలో ‘అన్నీ చూశాం’ అని ఇంట్లో చెప్పుకోవాలన్న తృప్తే గెలుస్తుంది.

దూరం నుంచి వచ్చే ఈ పిల్లలకు తమ జిల్లాలోనే గోడలు లేని గ్యాలరీ ఉంది. 2016లో ఏర్పడిన మేడ్చల్–మల్కాజిగిరి జిల్లాలోని కీసరగుట్టను జనం శివరాత్రి జాతరకే ఎక్కువగా ఎరుగుదురు. పురావస్తు శాఖ తవ్వకాల్లో విష్ణుకుండినుల కాలపు ఇటుక కట్టడాలు బయటపడిన చోటు అది. రాతిని తొలిచే పనివారిని సూచించే అక్కడి చిన్న తెలుగు శాసనం సుమారు 5వ శతాబ్దానిదని చరిత్రకారుల అంచనా. శామీర్‌పేట చెరువు, దాని దాపునే ఉన్న జింకల పార్కు ప్రకృతి పాఠానికి సిద్ధంగా ఉన్నాయి. ఉత్తర తెలంగాణలోని యామన్‌పల్లి ప్రాంతంలో దొరికిన కోటాసారస్ అనే రాక్షసబల్లి అస్థిపంజరాన్ని బిర్లా సైన్స్ మ్యూజియం 2000లో ప్రదర్శనకు నిలబెట్టింది. తెలంగాణ నేలలో నుంచి వచ్చిన ఎముకలని తెలిసినప్పుడు పిల్లల చూపు మారుతుందని ఆ గది చూసినవారికి తెలుసు.

2020 జాతీయ విద్యావిధానం 6 నుంచి 8 తరగతుల వారికి పది రోజుల పాటు పుస్తకాల సంచి లేని చదువును సూచించింది. ఆ పది రోజుల్లో ఒక రోజు కీసరగుట్ట ఇటుకల ముందు, మరుసటి రోజు సాలార్‌జంగ్ శిల్ప గ్యాలరీలోని నేలకొండపల్లి బుద్ధుడి ముందు గడపగలిగితే, ఒకటి దొరికిన చోటే ఉండి, మరొకటి దొరికిన చోటు విడిచి నగరానికి రావడం వల్ల ఏమి మిగిలిందో, ఏమి పోయిందో పిల్లలే పోల్చుకోగలరు. ఇందుకు మ్యూజియం మార్గదర్శకుడు ముందుగా బడికి వెళ్లి ఉపాధ్యాయులతో కూర్చోవాలి. శుక్రవారం మ్యూజియానికి సెలవు గనుక, బడి నడిచే ఆ రోజు ఈ పనికి అనువైనది.