నిరీక్షించే చేతులకు పని ఉంది
ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంత విశ్వాసులకు ఒక పరిశీలన

ప్రభువు రాకడను గురించిన ప్రసంగం ముగిశాక ఏ సంఘంలోనైనా రెండు రకాల స్పందన కనబడుతుంది. కొందరు గుర్తులు లెక్కపెడుతూ ఇంటికి వెళ్తారు. కొందరు, ఎలాగూ ఈ లోకం గతించిపోయేదే కదా అని పొరుగువాని కష్టం పట్టించుకోకుండా ఊరుకుంటారు. మొదటివారికి ఆతురత ఉంది, రెండవవారికి నిర్లిప్తత ఉంది. పరిచర్య ఇద్దరిలోనూ లేదు. రాబోవు ప్రభువు కోసం కనిపెట్టుకొని ఉండడమంటే ఏమిటి? మన కడప జిల్లా నేల మీద ఆ ప్రశ్నకు జవాబు వెదకుదాం.

వాక్యం చూపే జత

థెస్సలొనీక సంఘం గురించి అపొస్తలుడైన పౌలు చెప్పిన సాక్ష్యం గమనించండి (1 థెస్స. 1:9-10). వారు విగ్రహాలను విడిచి దేవుని వైపు తిరిగింది రెండు పనుల కోసం: జీవముగల దేవుని సేవించడానికి, పరలోకం నుండి రానున్న ఆయన కుమారుని కోసం ఎదురుచూడడానికి. సేవ, ఎదురుచూపు ఒకే వాక్యంలో జతగా ఉన్నాయి. అయితే అదే సంఘంలో కొందరు రాకడ దగ్గరపడిందన్న మాట పట్టుకొని పని మానేశారు, ఇతరుల జోలికి పోతూ తిరిగారు. వారిని పౌలు గట్టిగా గద్దించాడు (2 థెస్స. 3:6-13). మేలు చేయడంలో విసుగు చెందవద్దన్న హెచ్చరికతోనే ఆ భాగం ముగుస్తుంది.

మత్తయి 24, 25 అధ్యాయాలు కూడా ఇదే క్రమంలో నడుస్తాయి. రాకడ గురించి చెప్పిన వెంటనే ప్రభువు నాలుగు సంగతులు వివరించాడు: వేళకు అన్నం పెట్టే నమ్మకమైన దాసుడు, నూనె సిద్ధం చేసుకున్న కన్యకలు, తలాంతులతో వ్యాపారం చేసిన దాసులు, చివరకు ఆకలిగొన్నవారిని, పరదేశులను, రోగులను, చెరసాలలో ఉన్నవారిని ఆదుకున్నవారు. తేదీ కనుక్కున్నందుకు ఆయన ఒక్కరినీ మెచ్చుకోలేదు. చేసిన పనిని బట్టి మెచ్చుకున్నాడు.

రైతు నేర్పే పాఠం

యాకోబు పత్రిక 5:7లో నిరీక్షణకు మాదిరిగా నిలబడిన మనిషి రైతు. ఈ మాదిరి మన ప్రాంతానికి ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు. పులివెందుల మెట్ట చేలలో వేరుశనగ వేసేవారు తొలి వాన కోసం ఆకాశం చూస్తారు. జమ్మలమడుగు నల్లరేగడిలో శనగ వేసేవారు అక్టోబరు వానల కోసం చూస్తారు. కాని వాన వచ్చేదాకా ఏ రైతూ చేతులు కట్టుకొని కూర్చోడు. గుంటక తోలుతాడు, గొర్రు సరిచేసుకుంటాడు, విత్తనాలు సిద్ధం చేసుకుంటాడు. వాన కురిపించడం అతని చేతిలో లేదు, చేను సిద్ధం చేయడం అతని చేతిలోనే ఉంది. సిద్ధపడని చేలో మంచి వాన పడినా ప్రయోజనం ఉండదు. క్రైస్తవ నిరీక్షణ అంటే ఇదే: దేవుడు చేయవలసింది దేవునికి విడిచిపెట్టి, మనం చేయవలసింది మనం చేయడం.

జమ్మలమడుగు సాక్ష్యం

తెలుగువారి మధ్య లండన్ మిషనరీ సొసైటీ పని 1805లో విశాఖపట్నంలో మొదలైంది. 1822 నుండి కడపలో ఆ సంస్థ పరిచర్య సాగింది. 1876-78 నాటి ధాత కరువులో రాయలసీమ అంతా అల్లాడింది. తిండి లేక బక్కచిక్కిన దేహాలకు రోగాలు తోడయ్యాయి. సువార్త చెప్పే నోటితో పాటు గాయం కడిగే చెయ్యి కూడా అవసరమని ఆ తరం గ్రహించింది.

19వ శతాబ్దం చివరి దశకంలో డాక్టర్ టి. వి. క్యాంప్‌బెల్ పెన్నా ఒడ్డునున్న జమ్మలమడుగులో వైద్య సేవ చేపట్టారు. ఆ పని మిషన్ ఆసుపత్రిగా ఎదిగింది. ఆయన పేరునే క్యాంప్‌బెల్ ఆసుపత్రిగా ప్రజలు ఇప్పటికీ పిలుస్తారు. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం ఏర్పడిన తరువాత మిషన్ ఆస్తులు, బాధ్యతలు మన సంఘాల చేతికే వచ్చాయి. ఒక మిషనరీ నాటిన మొక్కకు నీళ్లు పోయవలసిన బాధ్యత ఆ విధంగా రాయలసీమ అధ్యక్ష మండలానికి సంక్రమించింది.

ఆ ఆసుపత్రి గాలి సోకినవారిలో ఒకరిని ఈ జిల్లా అంతా ఎరుగును. వైద్యవిద్య పూర్తిచేసిన వై.ఎస్. రాజశేఖరరెడ్డి కొంతకాలం జమ్మలమడుగు మిషన్ ఆసుపత్రిలో వైద్యాధికారిగా పనిచేశారు. తరువాత 1973లో పులివెందులలో తన తండ్రి రాజారెడ్డి పేరిట 70 పడకల ధర్మాసుపత్రి నెలకొల్పారు. ఆ పిమ్మట ఆయన నడిపిన రాజకీయాల మీద ఎవరి అభిప్రాయం వారిది. మనం గమనించవలసింది వేరే ఉంది. ఒక ఊరిలో జరిగిన పరిచర్య ఆ ఊరితో ఆగదు, పనిచేసినవారి వెంట మరో ఊరికి నడిచి వెళ్తుంది.

స్వస్థత కోసం కనిపెట్టిన కొండ

1911లో చిత్తూరు జిల్లా ఏర్పడక ముందు మదనపల్లె మన కడప జిల్లాలోనే ఉండేది. అక్కడి ఆరోగ్యవరంలో పలు మిషన్లు కలిసి 1915లో క్షయ రోగుల కోసం శానిటోరియం తెరిచాయి. డెన్మార్క్ దేశస్థుడైన డాక్టర్ క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ దానికి నాయకత్వం వహించారు. అప్పటికి క్షయకు మందు లేదు. స్ట్రెప్టోమైసిన్‌ను కనుగొన్నది 1943లో. అంటే దాదాపు మూడు దశాబ్దాల పాటు అక్కడి వైద్యులు, నర్సులు మంచి గాలి, విశ్రాంతి, పుష్టికరమైన ఆహారం, ఓపికగల సంరక్షణ, వీటినే ప్రధానంగా నమ్ముకున్నారు. మందు ఎప్పుడు వస్తుందో వారికి తెలియదు. అయినా దుప్పటి మార్చడం, జ్వరం చూడడం, గంజి పట్టించడం మానలేదు. 1948లో మన దేశంలో బీసీజీ టీకా మొదటగా వేసిన చోట్లలో మదనపల్లె ఒకటి. ఎదురుచూస్తూ సేవ చేసినచోటికే కొత్త సహాయం కూడా వచ్చి చేరింది.

మన మూడు పట్టణాలలో నేటి పని

అందరూ ఆసుపత్రులు కట్టలేరు. కాని పరిచర్య లేని వీధి లేదు.

ప్రొద్దుటూరు బంగారానికి, బట్టలకు పేరుపడ్డ ఊరు. మెరిసే అంగళ్ల వెనుక మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకొని కూర్చున్న నేతన్నలు, అప్పుకు వడ్డీ కట్టలేక ఇంటికి ఆలస్యంగా చేరే చిన్న వ్యాపారులు ఉన్నారు. సంఘంలో లెక్కలు తెలిసిన ఒకరిద్దరు వారానికొక సాయంత్రం కూర్చొని అలాంటివారి అప్పుల లెక్క సరిచూసి, బ్యాంకు కాగితాలు నింపిపెడితే అది దేవుని ఎదుట చిన్న పని కాదు.

జమ్మలమడుగు, పులివెందుల పేర్లు చెప్పగానే బయటివారికి ముఠా కక్షలు గుర్తుకొస్తాయి. అది మనకు బాధ కలిగించే మాటే, కాని కొట్టిపారేయలేని మాట. తండ్రిని పోగొట్టుకున్న పిల్లలు, భర్తను పోగొట్టుకున్న స్త్రీలు రెండు వైపులా ఉన్నారు. సమాధానపరచు పరిచర్యను దేవుడు మనకు అప్పగించాడని పౌలు రాశాడు (2 కొరింథీ. 5:18). ఆ రెండు ఇళ్లకూ వెళ్లి కూర్చోగలిగిన మనిషి ఊళ్లో ఒకరైనా ఉండాలి. ఆ మనిషి సంఘంలోనుండి రావాలి. శత్రువు ఇంటి పిల్లవాని పరీక్ష రుసుము కట్టినవాని సాక్ష్యానికి వేరే మైకు అక్కరలేదు.

బ్రతుకుతెరువు కోసం కువైట్ వంటి దేశాలకు వెళ్లినవారి ఇళ్లు ఈ జిల్లాలో ఎన్నో. అక్కడ వృద్ధులైన తల్లిదండ్రులు ఫోను మోగడం కోసం ఎదురుచూస్తుంటారు. నిరీక్షణ గురించి వారికి మనం బోధించనక్కరలేదు. వారిని ఆసుపత్రికి తీసుకువెళ్లడం, మందులు తెచ్చివ్వడం, ఒక పూట వారితో కలిసి భోంచేయడం చాలు.

మూడు జాగ్రత్తలు

ఒకటి, పరిచర్యను ఎర చేయకూడదు. సమరయుడు గాయపడినవానిని ఏ మతమని అడగలేదు, తరువాత లెక్క అడగడానికీ రాలేదు (లూకా 10). సహాయం షరతు లేకుండా ఇవ్వాలి. ఎందుకు చేశారని ఎవరైనా అడిగితే అప్పుడు మన నిరీక్షణకు హేతువు సాత్వికంతో చెప్పాలి (1 పేతురు 3:15).

రెండు, బయట సేవ చేస్తూ లోపల భేదం పాటించకూడదు. ఈ ప్రాంత సంఘాలలో మాల, మాదిగ, రెడ్డి అనే మాటలు బల్ల దగ్గర కాకపోయినా పెళ్లి మాటల దగ్గర ఇంకా వినబడుతున్నాయి. రాకడ నాడు ఒకే గొర్రెపిల్ల ఎదుట నిలబడేవారు ఈనాడు పక్కపక్కన కూర్చోలేకపోతే మన నిరీక్షణ పెదవుల మీదనే ఉన్నట్టు.

మూడు, అలసట. మేలు చేసేవారికే విసుగు వస్తుంది, ఏమీ చేయనివారికి రాదు. అందుకే ప్రార్థన కావాలి, వంతులు వేసుకొని పనిచేసే తోడు కావాలి. ఒక్కరి భుజం మీద పడిన పరిచర్య ఎక్కువ కాలం నిలవదు.

ప్రియ పాఠకులారా, లూకా 12:35-37లో ప్రభువు ఆశ్చర్యకరమైన మాట చెప్పాడు. మెలకువగా ఉన్న దాసులను యజమాని కూర్చోబెట్టి, తానే నడుము కట్టుకొని వారికి వడ్డిస్తాడట. మనం ఎదురుచూస్తున్న రాజు అలాంటివాడు. ఆయన వచ్చేటప్పుడు మన చేతిలో తేదీల పట్టిక కాదు, ఎవరికో వడ్డిస్తున్న గరిటె ఉండాలి. ఈ ఆదివారం ఆరాధన ముగిశాక ఇంటికి వెళ్లేముందు ఒక్క పేరు తలచుకోండి: మీ వీధిలో ఈ వారం ఎవరూ తలుపు తట్టని ఇల్లు ఏది? సోమవారం ఉదయం అక్కడినుండే మీ పరిచర్య మొదలవుతుంది.