బళ్ళారి సీమలో డిటెక్టివు నవల

బళ్ళారి యను పేరు వినినంతనే ఆంధ్రునికి రంగస్థలము స్ఫురించును, కర్ణాటకునికి దుర్గమును ఇనుపగనులును స్ఫురించును. కాని ఆ పట్టణమున మధ్యాహ్నవేళ తలుపు లోరగా వేసికొని, చేయవలసిన పనులను ప్రక్కకు నెట్టి, హంతకుడెవ్వడో తెలియువరకు లేవనొల్లక చదివిన చవుకపుస్తకముల కథ మాత్రము ఎవ్వరికిని స్ఫురింపదు. గ్రంథాలయోద్యమమును గూర్చి వ్రాసిన పెద్దలు సైతము పురాణమునకును, దేశచరిత్రకును, మహాపురుషుల జీవితములకును పెద్దపీట వేసి, వినోదార్థము చదువు నవలను గడప యొద్దనే నిలిపిరి. ఇది యన్యాయమని నా యభిప్రాయము. ఏలయన ఈ సీమను రెండు రాష్ట్రములు పంచుకొన్న పిమ్మటను ఎల్లను లెక్కసేయక అటు నిటు స్వేచ్ఛగా తిరిగినవి ఆ పుస్తకములే.

1800లో నిజాము ఇంగ్లీషువారికి దత్తము చేసిన మండలములలోనిదైన బళ్ళారి, అటుపై నూటయేబది యేండ్లకు మించి చెన్నపురి యేలుబడిలో నుండి, తెలుగును కన్నడమును ఇంటిభాషలుగా, ఇంగ్లీషు కచేరిభాషగా పెరిగిన జిల్లా. అచటి విద్యావంతుల జీవితమునకు నడిబొడ్డు కోర్టు. నాటకకర్త ధర్మవరము రామకృష్ణమాచార్యులు (1853-1912) వకీలు. ఆయనతో సరిసమానముగా పేరొందిన కోలాచలము శ్రీనివాసరావు (1854-1919) వకీలు. ధర్మవరమువారి మేనల్లుడు, మహానటుడు బళ్ళారి రాఘవ (1880-1946) సైతము వకీలే. ధర్మవరమువారికి సరసవినోదినీ సభ, కోలాచలమువారికి సుమనోరమ సభ. పగలెల్ల సాక్షిని ఎదురుప్రశ్నలతో ఉక్కిరిబిక్కిరి చేసి, దాచిన నిజమును నోటి వెంట రప్పించిన మనుష్యుడే రాత్రి ముఖమునకు రంగు పూసికొని రంగమెక్కుచుండగా చూచిన ప్రజకు, ముడి వేయుటయు దానిని విప్పుటయు వినోదముగా తోచుటలో వింత లేదు. డిటెక్టివు నవల బళ్ళారికి రాకమునుపే దానికి కావలసిన రుచి యచట సిద్ధముగా నుండెనని నేనందును.

నవల వంగదేశము మీదుగా వచ్చినది. షెర్లాక్ హోమ్స్ 1887లో లండనులో వెలసిన కొన్నాళ్ళకే, కలకత్తాలో పాంచ్‌కడి దే వంటి రచయితలు ఆ ఫక్కిని తమ భాషలోనికి దించుకొనిరి. వేంకట పార్వతీశ కవుల ఆంధ్ర ప్రచారిణీ గ్రంథమాల వంటి సంస్థల మూలమున వంగనవలలు తెలుగునకు దిగుమతి యగుచున్న దినములలో అపరాధపరిశోధక కథలును ఆ వెల్లువలో కొట్టుకొనివచ్చినవి. దేవరాజు వేంకటకృష్ణారావు ‘వాడే వీడు’ వంటి నవలలతో తెలుగు పాఠకులకు రాత్రి నిద్ర లేకుండ చేసెను. అవతల కన్నడమున బి. వేంకటాచార్యులు బంకించంద్రుని మొదలుగాగల వంగరచయితలను అనువదించుచుండిరి. ఇట్లు ఒకే వంగదేశపు గాలి రెండు కిటికీల నుండి బళ్ళారి యింటిలోనికి వీచినది.

1914లో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘ మేర్పడినది. 1948లో చెన్నరాష్ట్ర ప్రజా గ్రంథాలయముల చట్టము వచ్చినది. ఉద్యమకారులు ఊరూర పఠనమందిరములు నెలకొల్పి చేసిన సేవ గొప్పది, దానికి నమస్కారము. అయినను, బీరువాలో అద్దములచాటున నిలిచినది ఒక పుస్తకము, దిండుక్రింద దాగినది వేరొక పుస్తకము. వేయి నవలలు వ్రాసినట్లు ప్రసిద్ధికెక్కిన కొవ్వలి లక్ష్మీనరసింహారావు పుస్తకములు రైల్వేస్టేషనులలో అమ్ముడుపోయెను. పండితులు ముఖము చిట్లించిరి, బడి మానిన ఆడుపిల్లలు చదువు మఱవకుండుటకు ఆ పుస్తకములే ఆధారమైనవి. గుంతకల్లు జంక్షను చేరువనే యుండుట బళ్ళారికి కలిసివచ్చినది: చెన్నపురిలో అచ్చైనదియు బెజవాడలో అచ్చైనదియు ఆ దారినే వచ్చుచుండెను.

1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్ర మవతరించినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రకు దక్కెను. తగవులలో చిక్కిన బళ్ళారి తాలూకా, న్యాయమూర్తి మిశ్రా విచారణానంతరము, తక్కిన తాలూకాలతోబాటు మైసూరునకు పోయెను. ఆనాటి ఊరేగింపులను, మహజరులను గూర్చి ఇతరులు విస్తారముగా వ్రాసియున్నారు. నాకు ముచ్చటగొలుపు సంగతి యేమనగా, రాష్ట్రము తెగిన ఆ దశాబ్దమునందే తెలుగున చవుకధర డిటెక్టివు నవల వఱదవలె పొంగినది. టెంపోరావు, గిరిజశ్రీ భగవాను, విశ్వప్రసాదు మొదలగువారు వ్రాసిరి. ఆరుద్ర వంటి కవి సైతము ‘పలకల వెండిగ్లాసు’ అను పరిశోధక నవల వ్రాసెను. అందఱిలోను మిన్న కొమ్మూరి సాంబశివరావు (1926-1994). ఆయన సృష్టించిన డిటెక్టివు యుగంధరును, సహాయకుడు రాజును, ఇన్‌స్పెక్టరు స్వరాజ్యరావును ఇరుగుపొరుగువారివలె ఎఱిగిన పాఠకులు అసంఖ్యాకులు. ఈయన తల్లి కొమ్మూరి పద్మావతీదేవి, స్త్రీపాత్రలను స్త్రీలే ధరింపవలెనని పట్టుబట్టిన బళ్ళారి రాఘవతో కలిసి రంగమెక్కిన తొలితరము నటి. బళ్ళారి వకీలు సరసన నటించిన తల్లి కుమారుడు, బళ్ళారి పాఠకునికి పరిశోధకుని పంపెననుట చరిత్రలో కాకతాళీయమే యగును గాక, నాకు మాత్రము మిక్కిలి ఇష్టమైన కాకతాళీయము.

ఇంగ్లండులో అగాథా క్రిస్టీ 1930లో మిస్ మార్పుల్ అను వృద్ధకన్యను తొలినవలలో ప్రవేశపెట్టి, అల్లికపని చేసికొనుచు పల్లెటూరి హత్యలను ఛేదింపజేసినది. నెత్తురు తక్కువ, ఊహ యెక్కువ. కడపట దోషి దొరకును, చదువరి హాయిగా నిట్టూర్చును. మన నవలలో ఆ హాయి కలదు గాని ఆ ముసలమ్మ లేదు. బళ్ళారి వీధియరుగు మీద కూర్చుండి, ఎవరింటికి ఎవరు ఎన్ని గంటలకు వచ్చిరో, ఏల వచ్చిరో పూసగ్రుచ్చినట్లు చెప్పగల అవ్వ వీధి కొకతె యుండగా, మన రచయితలు ఆమెను విడిచి పట్టణపు యువకుని వెంట బడుట నాకు నేటికిని అర్థము గాని మర్మము.

మైసూరు రాష్ట్రమున చేరిన బళ్ళారికి కన్నడపు పత్తేదారి, అనగా డిటెక్టివు, నవలలును అదే సమయమున అందుబాటులోనికి వచ్చెను. ఎన్. నరసింహయ్య 1952లో పత్తేదారు పురుషోత్తముని ప్రవేశపెట్టి, పిమ్మట వందలకొలది నవలలు వ్రాసెను. కన్నడ పతాకమును రూపొందించిన ఎం. రామమూర్తియు ఈ శాఖలో సిద్ధహస్తుడే. పూర్వపు బళ్ళారి జిల్లాలోని హరపనహళ్ళిలో 1913లో పుట్టిన బీచి, పోలీసు శాఖలో ఉద్యోగించుచు, కన్నడపుస్తకముల నంతగా లెక్కపెట్టక తిరుగుచు, అ.న.కృ. రచించిన ‘సంధ్యారాగ’ నవల చేతికి చిక్కి చదివినది మొదలు కన్నడమునకు దాసుడై హాస్యరచయితగా వెలసెను. పోలీసువాడు హాస్యము వ్రాయుట, వకీళ్ళు నాటకములు వ్రాయుట, ఈ సీమ పద్ధతియే వేరు.

అద్దెపుస్తకముల అంగడిలో ధరావతు కట్టి దినమునకింత యని పుస్తకము తెచ్చుకొను చదువరికి, రేపటిలోగా ముగింపవలెనను తొందరయే గురువు. తెలుగు కన్నడ లిపులు దగ్గఱి చుట్టములు. తలకట్టు తీరును ఒత్తుల పోకడను కొన్నాళ్ళు గమనించినచో ఒకటి వచ్చినవానికి రెండవది పట్టుబడును. ఇంటిలో తెలుగు మాటాడి బడిలో కన్నడము నేర్చిన బిడ్డకు, వాచకము బెత్తము చూపి నేర్పలేని తెలుగు లిపిని యుగంధరు నేర్పగలడు: హంతకుని పేరు చివరిపుటలో నున్నది, అంతవరకు అక్షరము అక్షరము కూడబలుకుకొని పోక తప్పదు గదా!