సత్యం కథ: పెద్ద కంపెనీ నీడ ఎంత దూరం?

ఉమ్ ఘువైలినాలో ఉండే మనలో చాలామంది ఓవర్‌టైమ్ చేసి మిగిల్చిన రియాళ్లు ఊళ్లో ఒకే చోటికి పోతున్నాయి. పిల్లల ఇంజనీరింగ్ ఫీజుకి. మనం ఎండలో పడ్డ కష్టం వాళ్లు పడకూడదు, హైదరాబాదులో పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఏసీలో కూర్చోవాలి అని మన ఆశ. ఆశ మంచిదే. కానీ అలాంటి కంపెనీ ఏమిస్తుంది, ఏది ఇవ్వలేదు అన్నది ముందే తెలిసి ఉండాలి. అందుకు మన తెలుగువాళ్ల కంపెనీ కథే ఒకటి ఉంది. అదే సత్యం.

1987లో పశ్చిమ గోదావరి జిల్లాకు చెందిన బి. రామలింగరాజు సుమారు ఇరవై మందితో సత్యం కంప్యూటర్స్ మొదలుపెట్టారు. ఆ తర్వాత పదేళ్లకు కాలం కలిసొచ్చింది. పాత కంప్యూటర్లలో సంవత్సరాన్ని రెండు అంకెల్లోనే రాసేవారు. 2000 వస్తే లెక్కలన్నీ తారుమారవుతాయని ప్రపంచమంతా భయపడింది. ఆ ప్రోగ్రాములు సరిచేయడానికి మనవాళ్లు వేలల్లో అమెరికా వెళ్లారు. 1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్‌ను ప్రధాని వాజ్‌పేయి ప్రారంభించారు. 2001లో సత్యం షేరు న్యూయార్క్ మార్కెట్‌కెక్కింది. 2008 నాటికి కంపెనీ చెప్పిన లెక్క ప్రకారం ఉద్యోగులు 53 వేలు.

ఆ ఉద్యోగం ఇచ్చినవి చిన్నవి కావు. సిఫార్సు లేని పల్లెటూరి పిల్లవాడు పరీక్ష రాసి లోపలికి వెళ్లగలిగాడు. పని నేర్పిస్తూనే జీతం ఇచ్చారు. జీతం నెలనెలా బ్యాంకులో పడేది. పీఎఫ్, ఆరోగ్య బీమా, కంపెనీ బస్సు, అదృష్టం బాగుంటే విదేశీ ప్రాజెక్టు. సత్యం ఉద్యోగి అంటే బ్యాంకువాడు అప్పిచ్చేవాడు, పిల్లనిచ్చేవాళ్లు ముందుకొచ్చేవారు. 2007లో ఫుట్‌బాల్ ప్రపంచ కప్ కంప్యూటర్ పనుల కాంట్రాక్టు కూడా సత్యానికే దక్కింది. 2022లో ఖతార్‌లో జరిగిన కప్పుకి మనవాళ్లు స్టేడియాలు కడితే, 2010లో దక్షిణాఫ్రికాలో జరిగిన కప్పుకి కంప్యూటర్ పనులు చేసింది హైదరాబాద్ కంపెనీ అన్నమాట.

తర్వాత కూలింది. 2008 డిసెంబరు 16న, రాజు కుటుంబానికి చెందిన మేటాస్ కంపెనీలను సత్యం డబ్బుతో కొంటామని ప్రకటించారు. మదుపరులు గగ్గోలు పెట్టడంతో కొన్ని గంటల్లోనే వెనక్కి తగ్గారు. 2009 జనవరి 7న రామలింగరాజు స్వయంగా ఉత్తరం రాసి ఒప్పుకున్నారు. లెక్కల్లో చూపిన నగదులో 5,040 కోట్ల రూపాయలు అసలు లేనే లేవు. ఏళ్ల తరబడి లాభాలు పెంచి రాశారు. అంతకు ముందు రోజు 179 రూపాయల దగ్గరున్న షేరు ఆ ఒక్క రోజులో 40కి పడిపోయింది. రేయింబవళ్లు కోడు రాసిన పిల్లలకు ఆ లెక్కలతో ఏ సంబంధమూ లేదు. అయినా ఈ నెల జీతం వస్తుందా అన్న భయం మాత్రం వాళ్లకే.

ఇక్కడ మనం గమనించాల్సినది ఒకటుంది. ప్రభుత్వం రోజుల్లోనే పాత బోర్డును తీసేసి కొత్తవారిని పెట్టింది. 2009 ఏప్రిల్‌లో టెక్ మహీంద్రా కంపెనీని చేజిక్కించుకుంది. మహీంద్రా సత్యం అని పేరు మారింది. 2013లో టెక్ మహీంద్రాలో కలిసిపోయింది. 2015 ఏప్రిల్‌లో హైదరాబాద్ ప్రత్యేక కోర్టు రాజుకు, మరో తొమ్మిదిమందికి ఏడేళ్ల జైలు శిక్ష వేసింది. అప్పీలు మీద తర్వాతి నెలలోనే బెయిలు దొరికింది. మొత్తానికి కంపెనీ మునగలేదు. వేలాది కుటుంబాలు, విదేశీ కస్టమర్లు, దేశం పరువు అన్నీ దానితో ముడిపడి ఉన్నాయి కాబట్టే ఢిల్లీ కదిలింది. జీతం ఎగ్గొట్టి రాత్రికి రాత్రి షట్టరు దించే చిన్న సప్లై కంపెనీ కోసం ఎవరు కదులుతారు? అది మనకు తెలుసు. ఖతార్‌లో కూడా జీతాలు రాని కార్మికుల కోసం ప్రత్యేక నిధి పెడుతూ చట్టం వచ్చింది 2018లోనే.

అలాగని పెద్ద నీడ అందరినీ కాయలేదు. 2009 మధ్యలో పని లేని వేలమందిని కొత్త యాజమాన్యం పక్కన పెట్టి, కొన్ని నెలలు తగ్గించిన జీతం ఇస్తామంది. కంపెనీ నిలిచింది, కానీ మనిషి నిలుస్తాడన్న హామీ లేదు.

మోసం లేని చోట కూడా ఇదే. 2022 నవంబరులో మెటా 11 వేలమందిని, 2023 జనవరిలో గూగుల్ 12 వేలమందిని, మైక్రోసాఫ్ట్ 10 వేలమందిని తీసేస్తున్నట్టు ప్రకటించాయి. అమెరికాలో హెచ్1బీ వీసా మీద ఉన్నవాడి ఉద్యోగం పోతే, ఇంకో కంపెనీ వెతుక్కోవడానికి సాధారణంగా 60 రోజులే గడువు. వీసా ఉద్యోగానికి కట్టేసి ఉంటే గుండె ఎలా ఉంటుందో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. లక్షల జీతం తీసుకునేవాడిదీ, వెయ్యి రియాళ్లవాడిదీ ఆ విషయంలో ఒకే బాధ.

కాబట్టి పిల్లల్ని చదివిద్దాం. పెద్ద కంపెనీలో చేరితే సంతోషిద్దాం. కానీ ఆఫర్ లెటర్ చూసి ఇరవై ఏళ్ల అప్పు నెత్తిన పెట్టుకోనివ్వొద్దు. బ్యాక్‌డోర్ ఉద్యోగమని కన్సల్టెన్సీలు అడిగే లక్షలు ఇవ్వొద్దు. సరైన కంపెనీ ఏదీ ఉద్యోగానికి డబ్బు అడగదు. జీతం చీటీ, పీఎఫ్ నంబరు, అనుభవ పత్రం దాచుకోమనండి. ఆరు నెలల ఖర్చు పక్కన పెట్టుకోమనండి. సత్యంలో పనిచేసినవాళ్లు తర్వాత మరో చోట చేరగలిగారంటే చేతిలో పని ఉండబట్టే. బోర్డు మీద పేరు ఎన్నిసార్లు మారినా నేర్చుకున్న పని వెంట వస్తుంది. మన మేస్త్రీలు, వెల్డర్లు, ఎలక్ట్రీషియన్లు బతుకుతున్నదీ దానితోనే.