ఇంటి మీడియా సర్వర్

సొంత పాటలు, సినిమాలు, కుటుంబ వీడియోలను ఒకే కంప్యూటరులో భద్రపరచి, ఇంట్లోని టీవీకీ ఫోన్లకూ వైఫై ద్వారా అందించే ఏర్పాటును ఇంటి మీడియా సర్వర్ అంటారు. పాత ల్యాప్‌టాప్‌కో, రాస్‌ప్‌బెర్రీ పై వంటి చిన్న కంప్యూటరుకో హార్డ్‌డిస్కు కలిపి, 2018లో ఎంబీ అనే మరో మీడియా సర్వర్ సాఫ్ట్‌వేరు నుంచి విడివడిన జెల్లీఫిన్ అనే ఉచిత సాఫ్ట్‌వేరును ఎక్కిస్తే ఇది సిద్ధమవుతుంది. ఫైలు రూపాన్ని టీవీ చదవలేనప్పుడు సర్వరే దానిని అప్పటికప్పుడు మార్చి పంపుతుంది. ట్రాన్స్‌కోడింగ్ అనే ఈ పని ప్రాసెసరుపై అధిక భారం మోపుతుంది గనుక, ఫైళ్లను ముందే చాలా టీవీలు చదవగల హెచ్.264 వీడియో రూపంలో ఉంచుకోవడం మేలు. ప్రసారమంతా ఇంటి రౌటరు పరిధిలోనే సాగుతుంది కాబట్టి, 2017 డిసెంబరులో లాంఛనంగా ప్రారంభమైన ఏపీ ఫైబర్‌నెట్ వంటి ఇంటర్నెట్ కనెక్షను తెగినా చూడడం ఆగదు.

గుంటూరు, పల్నాడు, ప్రకాశం మైదానాల్లో ఈ సర్వరుకు అసలు శత్రువులు వేసవి ఎండ, దుమ్ము, కరెంటు కోత. రెంటచింతల వంటి చోట 45 డిగ్రీలు దాటే రోజుల్లో సర్వరు పెట్టెను గాలి ఆడే చోట ఉంచి, యూపీఎస్‌కు కలపడం తప్పనిసరి.

పొన్నెకల్లులో పుట్టిన బుర్రకథ పితామహుడు షేక్ నాజర్ (1920–1997) గళం వంటివి నిలిచిన పాత క్యాసెట్ల అయస్కాంత పూత కాలక్రమేణా క్షీణిస్తుంది. వాటిని డిజిటల్ ఫైళ్లుగా మార్చి దాచుకోవడమే ఈ సర్వరుకు తగిన తొలి పని. రెండో ప్రతిని వేరే డిస్కులో ఉంచాలి.