హోమ్ సేఫ్టీ: ఇంట్లో పెద్దవాళ్లు ఒంటరిగా నిచ్చెన ఎక్కుతున్నారా..? ఉప్పుగాలి ఊళ్లలో ఈ జాగ్రత్తలు తప్పనిసరి

పిల్లలు చెన్నైలోనో, బెంగళూరులోనో, గల్ఫ్‌లోనో ఉంటారు. ఇంట్లో మిగిలేది అరవై దాటిన అమ్మో, నాన్నో ఒక్కరే. ట్యూబ్‌లైట్ పోయినా, ట్యాంకు కడగాలన్నా, రేకు కారుతున్నా ‘ఇంత చిన్న పనికి మనిషిని పిలవాలా’ అంటూ సొంతంగానే మొదలుపెట్టేస్తారు. నెల్లూరు జిల్లా ముత్తుకూరు మండలంలోని కృష్ణపట్నం లాంటి తీర గ్రామాల్లో ఈ అలవాటు ఇంకా డేంజర్. కారణం.. ఉప్పుగాలి.

సముద్రపు గాలిలోని ఉప్పు ఇనుమును త్వరగా తినేస్తుంది. పైన రంగు బాగానే కనిపిస్తుంది, లోపల తుప్పు. నిచ్చెన అతుకులు, మిద్దె మెట్ల రెయిలింగ్, స్విచ్‌బోర్డు స్క్రూలు.. అన్నిటిదీ ఇదే కథ. శ్లాబులోని కడ్డీలు తుప్పుపట్టి ఉబ్బితే కాంక్రీటు పెచ్చులుగా ఊడిపోతుంది. ఫ్యాన్ కొక్కెం చుట్టూ పగులు గానీ, తుప్పు మరక గానీ కనిపిస్తే దాన్ని తుడవడానికి కూడా స్టూల్ ఎక్కొద్దు. ముందు మేస్త్రీకి చూపించండి. అప్పటిదాకా మంచం కూడా పక్కకు జరపండి.

మోటారు తిరుగుతోంది కదా అనుకోవద్దు

ఇందులో కంటికి అస్సలు కనిపించనిది ఎర్త్ తీగ. అది తుప్పుపట్టి తెగిపోయినా మోటారు మామూలుగానే తిరుగుతుంది, నీళ్లు వస్తాయి. ఎవరికీ డౌట్ రాదు. మోటారు లోపల కరెంటు లీకైన రోజు తడిచేత్తో ముట్టుకుంటే మాత్రం ప్రాణాల మీదకి వస్తుంది. అందుకే వానలకు ముందే ఏడాదికోసారి ఎలక్ట్రీషియన్‌తో ఎర్త్ చెక్ చేయించాలి. ‘ఎంసీబీ ఉంది కదా’ అని చాలామంది ధీమాగా ఉంటారు. అది ఓవర్‌లోడ్, షార్ట్ సర్క్యూట్ అయితేనే పడిపోతుంది. మనిషికి షాక్ కొట్టేంత చిన్న లీకేజీని పట్టించుకోదు. దానికి 30 మిల్లీ ఆంప్స్ ఆర్‌సీసీబీ వేరే పెట్టించుకోవాలి. దాని మీద టెస్ట్ బటన్ ఉంటుంది.. అప్పుడప్పుడు నొక్కి చూడండి. నొక్కినా కరెంటు ఆగలేదంటే అది పని చేయట్లేదన్నమాట.

తుపాను వార్త రాగానే రేకులెక్కొద్దు

2023 డిసెంబర్ 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిచౌంగ్ తుపాను నెల్లూరు జిల్లాను ఎలా వణికించిందో గుర్తుంది కదా. ఇలాంటి హెచ్చరిక రాగానే రేకుల మీద ఇసుక మూటలు పెట్టడానికి ఇంటి పెద్దాయన పైకెక్కేస్తారు. సిమెంటు రేకులు పాతబడేకొద్దీ పెళుసుబారతాయి. నాచు పట్టి జారతాయి కూడా. రేకు మధ్యలో అడుగు పడిందంటే మనిషి నేరుగా ఇంట్లోకే పడతారు. ఈ పని సెప్టెంబర్‌లోనే, పొడిగా ఉన్న రోజు చూసి, పని తెలిసినవాళ్లతో చేయించుకోవాలి. గాలి మొదలయ్యాక రేకు పోతే పోనివ్వండి.

నిచ్చెన గోడకు ఆనించేటప్పుడు నాలుగు అడుగుల ఎత్తుకు ఒక అడుగు లెక్కన కింద దూరం ఉండాలి. ప్లాస్టిక్ కుర్చీ ఎక్కడమైతే అసలు వద్దు. ఫోన్లో రిపేర్ వీడియో చూసి ‘ఇంతేనా’ అనిపిస్తుంది. నిజమే, కానీ అక్కడ కెమెరా వెనక ఇంకో మనిషి ఉంటాడు. మీ వెనక ఎవరున్నారు?

ఎందుకంటే పడటం ఒక సమస్య, లేవలేకపోవడం ఇంకో సమస్య. ఏటా ప్రపంచంలో సుమారు 6.84 లక్షల మంది పడిపోయి చనిపోతున్నారని డబ్ల్యూహెచ్‌ఓ అంచనా. వాళ్లలో 60 దాటినవాళ్లే ఎక్కువ. తుంటి ఎముక విరిగి గంటల తరబడి నేల మీదే ఉండిపోతే ఒంట్లో నీరు తగ్గుతుంది, కండరాలు నలిగి కిడ్నీలు కూడా దెబ్బతినొచ్చు. రక్తం పలుచబడే మందులు వాడేవాళ్లు తలకు దెబ్బ తగిలితే, నొప్పి లేకపోయినా వెంటనే ఆస్పత్రికి వెళ్లాల్సిందే.

సంపు సంగతి ఒక్క మాటలో.. ఒంటరిగా దిగొద్దు. మూసి ఉన్న సంపులో ఆక్సిజన్ తక్కువగా ఉండొచ్చు. కడిగేటప్పుడు బ్లీచింగ్ పౌడర్‌లో యాసిడ్ కలపొద్దు, విషవాయువు వస్తుంది.

పని మొదలుపెట్టే ముందు పక్కింటివాళ్లకు ‘అరగంటలో ఫోన్ చేస్తా, చేయకపోతే ఒకసారి రండి’ అని చెప్పండి. ఫోన్ టేబుల్ మీద కాదు, జేబులో గానీ కొంగున గానీ ఉండాలి. పిల్లలు ఈసారి పండక్కి వచ్చినప్పుడు ఫోన్ సెట్టింగ్స్‌లో ఎమర్జెన్సీ ఎస్ఓఎస్ ఆన్ చేసి, ఎలా నొక్కాలో అమ్మానాన్నలతో చేయించి చూడండి.

ఎవరికైనా షాక్ కొడితే ముట్టుకోవద్దు, ముందు మెయిన్ ఆఫ్ చేయాలి. అంబులెన్స్‌కు 108, ఎమర్జెన్సీకి 112, కరెంటు ఫిర్యాదుకు 1912, వృద్ధుల హెల్ప్‌లైన్ 14567. ఈ నంబర్లను ఫోన్లో సేవ్ చేయడంతో పాటు గోడ మీద కూడా పెద్ద అంకెలతో రాయండి.. నేల మీద పడి ఉన్నా కనిపించేలా, కింది వైపున.